ఐదు సైజుల సిలికాన్ డైలేటర్ సెట్: ఏడు నెలలు వాడాక రాస్తున్నాను

డైలేటర్లంటే యోని ద్వారంలో మెల్లగా పెట్టుకుని అలవాటు చేసుకునే, ఒకదానికన్నా ఒకటి లావుగా ఉండే ముక్కలు. ఈ సెట్ ఎవరికి పనికొస్తుందో పెట్టె మీద లేదు, లోపల పెట్టిన కాగితంలోనూ సరిగా లేదు. కలిసినప్పుడు నొప్పా, అయితే ఇది కొనండి అన్నట్టు అమ్ముతున్నారు. నొప్పి అనే మాట ఒక్కటే కానీ దాని వెనక పది కారణాలు ఉంటాయి. ఈ వస్తువు వాటిలో ఒకటి రెండింటికే మందు. నాది ఆ ఒకటి కాబట్టి నాకు పనిచేసింది. మా ఆఫీసులో ఒకమ్మాయికి మూడు వేలు దండగైంది. అందుకే నక్షత్రాలు నొక్కి ఊరుకోకుండా ఇంత పొడుగు రాస్తున్నాను.

మాది విజయవాడ. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. పెళ్లై మూడున్నరేళ్లు దాటింది. మొదటి రాత్రి మొదలు నిన్నమొన్నటి దాకా మా ఇద్దరి మధ్య ఆ పని పూర్తిగా జరిగిందే లేదు. అక్కడికి వచ్చేసరికి దారే లేనట్టు, గోడ అడ్డం ఉన్నట్టు ఉందని మా ఆయన అనేవారు. నాకైతే గీసుకుపోయిన చోట కారం పడ్డట్టు మంట. తొడలు వాటంతటవే దగ్గరికొచ్చేసేవి. మొదట్లో అందరికీ ఇంతేనేమో అనుకున్నాం. ఆరు నెలలయ్యాక అడగడానికి సిగ్గు. ఏడాది దాటాక అడిగేవాళ్లు వేరే అడగడం మొదలుపెట్టారు: "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?"

మా అత్తయ్య మంచిది. తనకు తోచింది తను చేసింది. మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించింది. అక్కడ వరసలో నించుని ఉంటే నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పిల్లలు ఇవ్వు అని అడగడానికి వచ్చాం గానీ స్వామీ, దానికి ముందు జరగాల్సిందే జరగలేదు, అది ఎవరితో చెప్పుకోను?

డాక్టర్లను ముగ్గురిని చూశాం, పేర్లు రాయను. మొదటావిడ "టెన్షన్ పెట్టుకోకమ్మా, ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుంది" అంది. కాన్పు ఎలా అవుతుందో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో ఆయన తిమ్మిరి పట్టించే జెల్లీ రాసిచ్చారు. మంట కొంచెం తగ్గింది, గోడ మాత్రం అలాగే ఉంది. మూడో చోట చిన్న ఆపరేషన్, కోసి వదులు చేస్తాం, ఒక్క రోజులో ఇంటికెళ్లొచ్చు అన్నారు. ముప్పై అయిదు వేలు, తేదీ కూడా ఖాయం చేశారు. మా ఆయన "సరిగ్గా ఏది కోస్తారు, అక్కడ అడ్డం ఏముంది?" అని అడిగితే తిన్నగా జవాబు రాలేదు. ఆ ఒక్క ప్రశ్న నన్ను కాపాడింది. తర్వాత తెలిసింది, ద్వారం దగ్గర కండరం దానంతటదే బిగుసుకుపోయే ఈ జబ్బుకి వెజినిస్మస్ అని పేరు పెట్టిన సిమ్స్ అనే అమెరికా డాక్టరు కూడా 1860ల్లో కొయ్యమనే చెప్పాడట, కోశాక గాజు గొట్టంలాంటిది లోపల పెట్టమన్నాడట. నూట అరవై ఏళ్లు గడిచినా మా ఊళ్లో నాకు అదే వైద్యం చెప్పారంటే ఏమనాలి.

నాలుగో డాక్టరు దగ్గర అసలు సంగతి తేలింది. ఆవిడ మొదటిరోజు నన్ను బల్ల ఎక్కించనే లేదు. అరగంట కూర్చోబెట్టి ప్రశ్నలే. నొప్పి ముఖద్వారం దగ్గరా, లోపల పొత్తికడుపులోనా? మొదటిసారి నుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా? పీరియడ్స్‌లో సెలవు పెట్టేంత నొప్పి ఉంటుందా? దురద, వాసన, తెల్లబట్ట? మూత్రం పోసేటప్పుడు మంట? మలబద్ధకం ఉందా? జలుబు మాత్రలు, డిప్రెషన్ మాత్రలు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఏమైనా వాడుతున్నావా? అవి కూడా కొందరికి అక్కడ పొడిబారేలా చేస్తాయట. చిన్నప్పుడు ఎవరైనా చెయ్యి వేశారా అని కూడా అడిగింది, మా ఆయన్ని బయటికి పంపి మరీ. అలాంటిది ఉన్నవాళ్లకి కౌన్సెలింగ్ కూడా పక్కపక్కనే నడవాలట. నాకు అలాంటిదేమీ లేదు. పెళ్లికి వారం ముందు మా పెద్దమ్మ కూతురు చెప్పిన రక్తం కథలు ఉన్నాయంతే.

రెండోసారి వెళ్లినప్పుడు పరీక్ష చేసింది. "ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేస్తా" అని ముందే చెప్పి, చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ద్వారం చుట్టూ గడియారం అంకెల్లా ఒక్కో చోటే మెల్లగా తాకి, ఎక్కడ ఎంత నొప్పో చెప్పమంది. ఒట్టి దూది తాకితేనే భగ్గుమంటే అది అక్కడి నరాల, చర్మపు జబ్బు, దాని వైద్యం వేరు. నాకు దూది తాకితే ఏమీ కాలేదు. వేలు దగ్గరికి వస్తోందని తెలియగానే మాత్రం నడుం గాల్లోకి లేచింది. ఇన్ఫెక్షన్ లేదు, స్కానింగ్ మామూలే. "కండరం" అంది ఆవిడ. తడి గచ్చు మీద కాలు జారితే చెయ్యి మనల్ని అడక్కుండానే గోడ పట్టుకుంటుంది చూడండి, ఇదీ అలాంటిదే. నేను బిగించడం లేదు, అదే బిగుస్తోంది. మూడేళ్లుగా "నువ్వు రిలాక్స్ అవ్వడం లేదు" అని విన్నదాన్ని, ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను.

డైలేటర్లు కొనమన్నది ఆవిడే, కానీ ముందు పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుని, అంటే కటి అడుగు కండరాలకి వ్యాయామాలు నేర్పేవాళ్లని, కలవమంది. తనకు తెలిసినవాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు. నెలకి రెండుసార్లు శాతవాహనలో పొద్దున్నే ఎక్కి వెళ్లి రాత్రికి తిరిగొచ్చేదాన్ని. అలా ఆరుసార్లు, తర్వాత వీడియో కాల్‌లో.

ఇక వస్తువు సంగతి.

పార్సిల్ వరలక్ష్మీ వ్రతం రోజు వచ్చింది. ఇంటి నిండా పేరంటాళ్లు, చేతుల నిండా పసుపు, డెలివరీ అబ్బాయి గుమ్మంలో నించుని నా పేరు పెట్టి కేక. మా అత్తయ్యే సంతకం పెట్టి తీసుకుంది. పెట్టె మామూలు అట్టపెట్టె. కంపెనీ పేరు గానీ బొమ్మ గానీ లేవు, "ఫిజియోథెరపీ వస్తువు" అని మాత్రమే ఉంది. దీనికి వాళ్లకి రెండు చేతులా దండం. "ఏంటమ్మా ఇది?" అంటే "నడుం నొప్పికి ఎక్సర్‌సైజు సామాను అత్తయ్యా" అన్నాను. "నా మోకాళ్లకి పనికొస్తుందా?" అంది. పేరంటాళ్లంతా ఆవిడ మోకాళ్ల మీద పడ్డారు, నేను బతికిపోయాను.

లోపల అయిదు ముక్కలు, గుడ్డ సంచి, లూబ్రికెంట్ (జారుడుగా ఉండే జెల్లీ) సాచెట్లు రెండు, మడత కాగితం ఒకటి. ముక్కలు మెడికల్ గ్రేడ్ సిలికాన్, మెత్తగా వంగుతాయి, వాసన లేదు. గట్టి ప్లాస్టిక్‌వి తక్కువ ధరకి దొరుకుతాయి గానీ భయపడే మనిషికి మెత్తనివే మేలు. వెడల్పులు 15, 20, 25, 33, 38 మిల్లీమీటర్లు. ఒకటో నంబరు నా చిటికెన వేలికన్నా కాస్త లావు, అంతే. చూడగానే "ఓస్ ఇదేనా" అనిపిస్తుంది. అయిదోది చూసి పెట్టె మూసేశాను. మీరు కూడా మొదటి రోజే అయిదూ వరసగా పేర్చుకుని చూడకండి. ఒకటోది తీసుకుని మిగతావి అలమారలో పెట్టెయ్యండి.

ఇది సాగదీసే పనిముట్టు అనుకుని చాలామంది కొంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఫిజియో మేడమ్ మొదటిరోజే ఆ మాట కొట్టేసింది. అక్కడ దారి ఇరుకు కాదు, కాపలా ఎక్కువ. ఏదో వస్తోంది, అయినా ఏమీ కాలేదు అని ఆ కండరానికి మళ్లీ మళ్లీ తెలియాలి. అందుకని మొదటి మూడు వారాలు ఆవిడ నన్ను ఈ పెట్టె ముట్టుకోనివ్వలేదు. ఊపిరి పీల్చడమే నేర్పింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, పొట్ట పైకి లేచేలా లోపలికి పీలిస్తే కింద కండరం కూడా మెల్లగా దిగుతుంది. నాకు అలా పీల్చడమే రాలేదు. పదో తరగతి నుంచీ పొట్ట కనపడకూడదని లోపలికి బిగించుకుని నడవడం అలవాటు. దానికి తోడు కౌంటర్లో కూర్చుంటే మధ్యాహ్నం దాకా బాత్రూమ్‌కి లేవను. రోజంతా బిగబట్టడమే నా ఉద్యోగం, రాత్రి ఒక్కసారిగా వదలమంటే ఎలా వదులుతుంది? బాలాసనం, గొంతుకూర్చుని మలాసనం, వెల్లకిలా పడుకుని పాదాలు పట్టుకునే ఆసనం చెప్పింది. మలాసనం మా అమ్మమ్మ రోజూ ముగ్గు వేసేటప్పుడు కూర్చునే భంగిమే.

పెట్టెలో కాగితం మీద నాకు కోపం ఇక్కడే. ఒక్క ముక్క తెలుగు లేదు, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. అందులో "డైలేటర్‌తో పాటు రోజుకి మూడుసార్లు కీగెల్ వ్యాయామాలు చెయ్యండి" అని ఉంది. కీగెల్ అంటే ఆ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అనే డాక్టరు కాన్పు తర్వాత కండరం వదులై మూత్రం ఆగని ఆడవాళ్ల కోసం చెప్పింది. ఇప్పటికే పిడికిలి విప్పలేనివాళ్లకి ఇంకా బిగించమంటే ఏమవుతుంది? నేను మేడమ్‌ని అడగకుండా నాలుగు రోజులు చేశాను. అయిదో రోజుకి తుంటి లోపల లాగడం, బాత్రూమ్‌లో ఇబ్బంది. మాలాంటి వాళ్లకి నేర్పాల్సింది ముందు వదలడం. తెలియక రాశారో, వేరే వస్తువు కాగితం ఇందులో పెట్టారో గానీ, ఇది మార్చాలి.

సాచెట్లలో లూబ్రికెంట్ కూడా పారేయండి. స్ట్రాబెర్రీ వాసన! మంట తగ్గించుకోవడానికి వచ్చినవాళ్లకి స్ట్రాబెర్రీ ఎందుకండీ. నాకు పది నిమిషాల్లో చిరచిర. కొన్ని లూబ్రికెంట్లలో గ్లిజరిన్‌లాంటివి మరీ చిక్కగా ఉండి అక్కడి పొరలోంచి నీళ్లు లాగేస్తాయని మేడమ్ చెప్పింది. మాగాయకి ఉప్పు పట్టించిన ముక్కలు నీరు ఊరినట్టు అన్నమాట. ఆ చిక్కదనం కొలతని ఆస్మొలాలిటీ అంటారు. అది 1200 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. మన కంపెనీలు చాలావరకు ఆ అంకె సీసా మీద వెయ్యవు. వాసన, రంగు, "వెచ్చదనం ఇచ్చే" రకం లేనిది, నీళ్లతో చేసింది కొనండి. సిలికాన్ ముక్కలకి సిలికాన్ లూబ్రికెంట్ వాడితే పైపొర పాడవుతుంది. కొబ్బరినూనె కొందరు వాడతారు, కానీ కండోమ్ వాడేవాళ్లు వద్దు, నూనెకి రబ్బరు చెడిపోతుంది.

మొదటిసారి ఎప్పుడో చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం, అత్తయ్య, మావయ్య పెళ్లికి తెనాలి వెళ్లారు. గది తలుపు గడియ వేసి, కింద తువ్వాలు పరిచి, మోకాళ్ల కింద రెండు దిళ్లు పెట్టుకున్నాను. గడియారంలో పన్నెండు నిమిషాలు పెట్టుకున్నాను. ఫ్యాన్ మూడు చుట్లకోసారి కిర్రుమంటోంది, ఊపిరి ఆ కిర్రుతో లెక్కపెట్టుకున్నాను. ఒకటో నంబరుని ద్వారం దగ్గర ఆనించి ఉంచడమే ఆ రోజు పని, లోపలికి కాదు. ఆనించగానే తొడలు దగ్గరికొచ్చాయి. మళ్లీ ఊపిరి. మళ్లీ దగ్గరికి. ఎనిమిదో నిమిషంలోనో తొమ్మిదిలోనో తొడలు రాలేదు. అంతే, ఇంకేం జరగలేదు. బయటికొచ్చి మా ఆయనకి "రాలేదు" అన్నాను. ఆయన హాల్లో మ్యాచ్ చూస్తున్నారు, "ఎవరు రాలేదు?" అన్నారు.

తర్వాత వారానికి నాలుగు రోజులు, పది పదిహేను నిమిషాలు. ఒత్తిడి తెలియొచ్చు, సాగినట్టు ఉండొచ్చు, కానీ నొప్పి పదికి రెండు దాటితే అక్కడే ఆగిపోవాలని లెక్క. పళ్లు బిగించి లోపలికి తోశామా, నేర్పుతున్న పాఠానికి ఎదురు పాఠం నేర్పినట్టే. ఒకటికి రెండు వారాలు, రెండుకి మూడు. మూడో నంబరు దగ్గర ఆగిపోయాను. ఇది సెట్‌లో పెద్ద లోపం. 25 నుంచి ఒక్కసారే 33కి ఎగరడం ఏమిటి? మిగతావన్నీ అయిదేసి మిల్లీమీటర్లు, అసలు కష్టమైన చోట ఎనిమిది. నెలన్నర అక్కడే కొట్టుకున్నాను, నాలోనే లోపం అనుకుని. చివరికి మేడమ్ చెబితే వేరే చోట 29 మిల్లీమీటర్లది విడిగా తొమ్మిది వందలు పెట్టి కొన్నాను, వారంలో దాటేశాను. ఈ ముక్క వాళ్లే సెట్‌లో పెడితే ఏం పోతుంది?

వెనక్కి కూడా వెళ్లాను. పీరియడ్స్ ముందు వారం నాలుగోది పట్టేది కాదు. బ్యాంకులో ఇయర్ ఎండింగ్ గొడవ మొదలయ్యాక మళ్లీ రెండోదానికి దిగాను. దిగడం ఓటమి కాదని మేడమ్ పదిసార్లు చెప్పింది, పదకొండోసారి నమ్మాను. మా ఆయన విషయం కూడా చెప్పాలి. అయిదు నెలల పాటు "ఇవాళ ప్రయత్నిద్దామా" అనే మాటే ఇంట్లో వినపడకూడదని డాక్టరు కట్టడి పెట్టింది. ఆయన ఆ కట్టడి దాటలేదు. నాలుగో నెలలో ఒకటో నంబరు ఆయన చేతికిచ్చి, ఎప్పుడు ఎంత అనేది నేనే చెప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. నా చేతిలో నాలుగో నంబరు దాకా వెళ్లినదాన్ని, ఆయన చేతిలో ఒకటోదానికే భయపడ్డాను. ఇది ఏ కాగితంలోనూ రాయలేదు.

ఆరో నెలలో జరిగింది. నొప్పి లేదని అనను, పదికి ఒకటి. మర్నాడు మామూలుగా ఆఫీసుకి వెళ్లాను.

ఇప్పుడు ఎవరు కొనకూడదో. మా ఆఫీసు అమ్మాయికి నేనే గొప్పగా చెప్పి కొనిపించాను, ఆ తప్పు నాది. ఆమెకి ద్వారం దగ్గర ఏ ఇబ్బందీ లేదు. లోపల లోతుగా పోటు, కలిశాక మర్నాడంతా పొత్తికడుపు పట్టేసినట్టు, పీరియడ్స్‌లో అయితే నేల మీద ముడుచుకుపోతుంది. లాపరోస్కోపీ (పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూడటం) చేస్తే ఎండోమెట్రియోసిస్ అని తేలింది, అంటే గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరగడం. హార్మోన్ల మందులతో, ఆపరేషన్‌తో చేసే వైద్యం అది, దానికి ఈ సిలికాన్ ముక్కలేం చేస్తాయి? కటి భాగంలో ఇన్ఫెక్షన్, అండాశయంలో గడ్డలు, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు ఉన్నా అలాగే లోపలే నొప్పి వస్తుంది. మా వదినది ఇంకో కథ. బాబుకి పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి అంతా పొడి, దానికి తోడు కాన్పు కుట్టు మచ్చ గట్టిపడింది. లూబ్రికెంట్, మచ్చ మీద ఫిజియో నేర్పిన మర్దన, కొన్ని నెలల ఓపిక, వాటితోనే సరిపోయింది. ముట్లు ఆగిన వయసువాళ్లకీ పొడిబారడమే ఎక్కువ కారణం. డాక్టరు రాస్తే అక్కడ రాసుకునే ఈస్ట్రోజన్ క్రీములు ఉన్నాయి, వయసైపోయింది కదా అని భరించక్కర్లేదు. కలిశాక రక్తం కనపడితే మాత్రం ఏ వస్తువూ కొనకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, కొత్తగా కాన్పో ఆపరేషనో అయినప్పుడు అడక్కుండా డైలేటర్ వాడకూడదు. అన్నీ చేసినా కండరం వదలనివాళ్లకి అందులోకి బోటాక్స్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు, నాకు ఆ అవసరం రాలేదు.

కడగడం తేలిక. వాసన లేని సబ్బు, గోరువెచ్చని నీళ్లు, పూర్తిగా ఆరాక దాచుకోవాలి. వాళ్లిచ్చిన గుడ్డ సంచి నూలు రాలుస్తుంది, సిలికాన్‌కి దూది పోగులన్నీ అంటుకుంటాయి. నేను పాత మల్లు పంచె ముక్కతో సంచి కుట్టుకున్నాను. కవర్ చింపితే వాపసు తీసుకోరు, అది న్యాయమే.

సెట్‌కి 3,200 అయింది. 29ది, లూబ్రికెంట్, ఫిజియో ఫీజులు, రైలు చార్జీలు అన్నీ కలిపితే ఇరవై రెండు వేల లోపే, ఆ కోసే ఆపరేషన్ కన్నా తక్కువ. సిలికాన్‌కి అయిదుకి అయిదు ఇస్తాను. కాగితానికి ఒకటి, ఎగిరిపోయిన సైజుకి అర తగ్గించి మూడున్నర అనుకున్నాను. ఇక్కడ సగం నక్షత్రం నొక్కనివ్వడం లేదు, పార్సిల్ మీద బొమ్మ వెయ్యనందుకు నాలుగు చేశాను.

అయిదో నంబరు కవర్ ఇంకా చింపలేదు.